నల్లగొండ పేరు మోసిన బకెట్

1985 జూన్ 23. ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లాండ్ తీరానికి దగ్గర్లో, ఆకాశంలోనే బాంబు పేలి అట్లాంటిక్‌లో కూలిపోయింది. పోయిన 329 మందిలో కెనడా నుంచి ఇంటికి బయల్దేరిన యలవర్తి నాయుడమ్మ ఒకరు. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టి, తోళ్ల శాస్త్రంలో పేరు తెచ్చుకుని, 1971 నుంచి 1977 దాకా దేశ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌ను నడిపిన మనిషి. ప్రయోగశాల ఊరి గడప తొక్కాలన్నది ఆయన పట్టుదల.

పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లు ఆయన్ను తలచుకోవాలంటే నీళ్లే కారణం. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు ఎనిమిది వందల ఏళ్ల కిందటే గుళ్లతో పాటు చెరువూ కట్టించారు. ఆ తర్వాత తరతరాలుగా చెరువు, ఊటబావి, నీళ్లు తేటపడేందుకు మట్టికుండలో అరగదీసిన చిల్లగింజ. చెరువు ఎండితే బావి, బావి ఎండితే బోరు. గ్రానైటు రాతిలోకి దిగినకొద్దీ నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్న తీరును సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిందీ ఆ ఏడాదే.

నాయుడమ్మ సీఎస్ఐఆర్‌లో ఉన్న రోజుల్లోనే, ఆ సంస్థ కిందే ఉన్న నాగపూర్ ‘నీరి’ శాస్త్రజ్ఞులు ఈ జబ్బుకు ఒక ఉపాయం కనిపెట్టి 1975లో ప్రకటించారు. పేరు ‘నల్లగొండ టెక్నిక్’. నాకు ఇందులో నచ్చేది దాని బీదతనమే. నలభై లీటర్ల ప్లాస్టిక్ బకెట్, అడుక్కి మూడు నాలుగు వేళ్ల పైన ఒక కుళాయి. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి పది నిమిషాలు మెల్లగా కలపాలి. తెల్లటి జిగురు తునకలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని గంటలో అడుక్కి దిగుతాయి. కుళాయి తిప్పితే పైనున్న తేట నీళ్లు వస్తాయి, మడ్డి అడుగునే ఉంటుంది. కరెంటు అక్కర్లేదు.

ఆ బకెట్ సముద్రం దాటింది. 1990లలో టాంజానియాలో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు దాన్ని రెండు బకెట్లుగా మార్చారు. ఒకదాంట్లో కలిపి, బట్టలో వడగట్టి రెండోదాంట్లోకి దింపుతారు. మన పటిక, మన సున్నం, మన జిల్లా పేరు. దేశాల మధ్య స్నేహానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ మాత్రం కథ చెదిరింది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వరిపొలాలు, రైసుమిల్లులతో నిండాయి. ఫ్లోరైడ్ పీడించిన మర్రిగూడ, మునుగోడు మెట్టలకు ఆ కాలువ ఎక్కలేదు. రోజూ కలిపే ఓపిక, మడ్డి పారబోసే చోటు లేక ఊళ్లలో బకెట్లు మూలపడ్డాయి. 2016లో జిల్లాయే విడిపోయింది. సూర్యాపేట, కోదాడ ఒకవైపు, మిర్యాలగూడ మరోవైపు. ఆపైన తాగునీటి పథకం మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లొచ్చాయి. చిన్నప్పుడు బోరునీళ్లు తాగిన మర్రిగూడ మనుషులు కొందరు ఇప్పటికీ మోకాళ్లు పట్టుకునే లేస్తున్నారు. టాంజానియాలో మాత్రం ఆ బకెట్ పద్ధతిని పిలిచేది నల్లగొండ పేరుతోనే.