దవడయెముక - గుఱుతుల ప్రామాణ్యము

అనంతపురపు మెట్టసీమలో బావి త్రవ్వించువారు పుట్టను, చెట్టును జూచి నీటిజాడ నూహించుట వాడుక. గుఱుతు కనబడినంతమాత్రమున నీరు పడదని యీ సీమవారికి మేము చెప్ప నక్కఱలేదు. దవడయెముకపై దంతవైద్యులు నమ్ముకొను గుఱుతులును నిట్టివే.

మొదట నీ యెముక యొకటియో రెండో యనుటయందే భేదాభిప్రాయము లుండెను. చరకసంహిత హన్వస్థి నొకటిగా లెక్కించెను. సుశ్రుతసంహిత హనువులయందు రెండెముక లనెను. గ్రీకువైద్యుడగు గేలెన్ క్రిందిదవడ రెండెముకల కూర్పనగా, వేయేండ్లకు పైగా పెక్కు దేశముల వైద్యులు ఆ మాటనే పట్టుకొనిరి. 1200 ప్రాంతమున నైలునది పొంగక ఈజిప్టున ఘోరక్షామము వచ్చెను. అప్పుడు బాగ్దాదు పండితుడగు అబ్దుల్ లతీఫ్ బయలబడియున్న రెండువేలకు పైగా పుఱ్ఱెలను జూచి, అది యొకే యెముక యని వ్రాసెను. 1876-78 క్షామమును గన్న మన సీమ కా యెముకల గుట్టలు పరాయివి కావు.

1884లో న్యూయార్కున హాల్‌స్టెడ్ బృందము కొకెయిన్ సూదితో దవడనాడిని మొద్దుబఱచెను. నాటినుండి ఆ నాడి యెముకలో జొచ్చు రంధ్ర మెచ్చట నున్నదో తెలియుట యావశ్యకమయ్యెను. అది కంటికి గనబడదు. వైద్యుడు దవడయంచును వ్రేలితో దడవి, పండ్లవరుసను జూచి తావు నూహించును. కాని బిడ్డలయం దది క్రిందుగా నుండును. పండ్లూడిన వృద్ధులకు పండ్లవరుస యను నానవాలే మిగులదు; ఎముక యరగి, గడ్డమువైపు రంధ్రము చిగురుగట్టు పైకి వచ్చుటయు గలదు.

కావున సూది వేసినను నొప్పి తగ్గలేదని మొఱపెట్టు అవ్వను వైద్యులుగాని యింటివారుగాని పిఱికిదని గద్దింపరాదు. తప్పినది గుఱుతు కావచ్చును. ఎదుటనున్న దవడయే ప్రమాణము.