14 రోజుల వెనుక లెక్క

రోగక్రిమి శరీరంలో ప్రవేశించినప్పటి నుంచి తొలి లక్షణం పొడచూపేవరకు పట్టే వ్యవధిని వైద్యశాస్త్రం ఇంక్యుబేషన్ పీరియడ్ అంటుంది. కోడి గుడ్డును పొదగడంతో పోల్చి తెలుగులో దీనిని పొదుగుడు కాలం అనవచ్చు. 2020లో అనేక ప్రభుత్వాలు ప్రయాణికులను 14 రోజులు విడిగా ఉంచింది ఈ కాలాన్ని అంచనా వేసుకునే. 1377లో రగూసా (నేటి డుబ్రోవ్నిక్) నగరం ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చినవారిని 30 రోజులు ఆపింది. తరువాత ఆ గడువు 40 రోజులైంది. ఆ నలభై నుంచే క్వారంటీన్ అన్న మాట పుట్టింది. అయితే ఆ అంకెలు రోగుల తేదీలను పరిశీలించి కట్టినవి కావు.

తేదీలతో లెక్క కట్టినవారిలో తొలితరం వాడు పీటర్ పానుమ్. 1846లో ఫారో దీవులలో తట్టు వ్యాపించి, సుమారు 7,800 జనాభాలో 6,000 మంది దాకా జబ్బుపడ్డారు. డెన్మార్క్ ప్రభుత్వం ఈ యువ వైద్యుణ్ణి అక్కడికి పంపింది. పల్లెలు ఒకదానికొకటి దూరంగా ఉండడం వల్ల ఎవరు ఏ రోజున రోగి దగ్గరకు వెళ్లారో అతడు తెలుసుకోగలిగాడు. సోకిన నాటి నుంచి ఒంటిమీద దద్దురు కనబడడానికి 13–14 రోజులు పడుతుందని తేల్చాడు.

అన్ని రోగాలూ ఇంత నియమంగా నడవవు. 1914 మార్చి 17న కాలిఫోర్నియాలోని హాన్‌ఫర్డ్‌లో జరిగిన చర్చి విందులో 93 మందికి టైఫాయిడ్ సోకింది. వండిన స్త్రీ క్రిములను మోస్తున్నా ఆమెలో రోగలక్షణాలు లేవు. విల్బర్ సాయర్ విచారిస్తే, అందరికీ సోకింది ఒక్క పూటే అయినా, లక్షణాలు 3వ రోజు మొదలు 29వ రోజు వరకు బయటపడ్డాయి. ఎక్కువమందికి 6వ రోజున వచ్చాయి. కొద్దిమంది మాత్రం చాలా వెనకబడ్డారు.

1950లో ఫిలిప్ సార్ట్‌వెల్ ఇటువంటి వేర్వేరు వ్యాధుల దత్తాంశాలను పరిశీలించి వాటిలో ఒకే పోలికను చూశాడు. రోజుల సంఖ్యకు బదులు దాని సంవర్గమానాన్ని తీసుకుంటే, కుడివైపు సాగిన వక్రరేఖ గంట ఆకారానికి దగ్గరవుతుంది. ఇదే లాగ్‌నార్మల్ విభాజనం. మధ్యగతం, విస్తరణ అనే రెండు అంకెలు తెలిస్తే చాలు, చివరి రోగి ఎప్పటికి బయటపడతాడో ఊహించవచ్చు.

అయితే సోకిన తేదీ తెలిసినంత మాత్రాన చిక్కు తీరదని ఎయిడ్స్ చూపింది. 1982లో రక్తమార్పిడి ద్వారా వైరస్ సోకినవారిని 1986లో లెక్కిస్తే, నాలుగేళ్లలోపు జబ్బుపడ్డవారే కనబడతారు. ఇంకా ఆరోగ్యంగా తిరుగుతున్నవారు లెక్కలోకి రారు. కాబట్టి కనబడినవారి సగటు అసలు సగటు కంటే తప్పనిసరిగా తక్కువ. ఈ లోపాన్ని సరిదిద్దే నమూనాతో 1986లో అమెరికా పరిశోధకులు 4.5 సంవత్సరాల సగటును అంచనా వేశారు. కానీ దాని అనిశ్చితి 2.6 నుంచి 14.2 సంవత్సరాల దాకా ఉంది. చికిత్స లేనప్పుడు అది సుమారు పదేళ్లని తరువాతి పరిశీలనలు తేల్చాయి. అంటే ఆనాడు ఆసుపత్రులలో కనబడిన రోగుల వెనుక, తమకు సోకిందని తెలియనివారు ఎందరో ఉన్నారన్న మాట.

కోవిడ్ తొలినాళ్లలో చిక్కు వేరు. చాలామందికి తమకు ఏ రోజున సోకిందో తెలియదు. ఫలానా తేదీల మధ్య సోకి ఉండవచ్చని మాత్రమే చెప్పగలరు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 181 మంది విషయంలో అటువంటి వ్యవధులనే తీసుకుని, లాగ్‌నార్మల్ నమూనాతో మధ్యగతం 5.1 రోజులని 2020లో ప్రకటించారు. లక్షణాలు వచ్చేవారిలో 97.5 శాతం మందికి 11.5 రోజులలోపే వస్తాయి. జాగ్రత్తపడి వేసిన లెక్క ప్రకారం కూడా, ప్రతి 10,000 మంది రోగులలో 101 మందికి 14 రోజుల పరిశీలన ముగిశాకే లక్షణాలు మొదలవుతాయి.

కనుక 14 అన్నది ప్రకృతి గీసిన హద్దు కాదు. గడువు పెంచితే తప్పించుకునే రోగులు తగ్గుతారు. ఆరోగ్యవంతుల కూలి, బడి, అయినవారి కడసారి చూపు అంతకంతకు దూరమవుతాయి. ఆ వక్రరేఖ తోక ఎంత పొడవో గణితం చెబుతుంది. దాన్ని ఎక్కడ తెంచాలో నిర్ణయించవలసింది మాత్రం సమాజమే.