ప్రోస్టేట్ క్యాన్సర్ వైరస్‌తో వస్తుందా? క్లీవ్‌ల్యాండ్‌లో జరిగిన కథ

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది ఎక్స్ఎమ్ఆర్‌వీ గురించి వివరంగా రాయమని అడిగారు. ఆడియోలో గబగబా చెప్పేశాను, ఇక్కడ అంకెలతో సహా రాస్తున్నాను.

ఇక్కడ దుబాయ్‌లో మా క్యాంపులో ఒక అన్న ఉండేవాడు. జగిత్యాల దిక్కు మనిషి, స్టీల్ ఫిక్సర్, యాభై ఎనిమిదేళ్లు. పోయినేడు ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. అదే వారం ఎవడో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ తిప్పిండు: ఈ క్యాన్సర్ వైరస్‌తో వస్తదని అమెరికా డాక్టర్లే కనిపెట్టిండ్రు, దూరం ఉండుండ్రి అని. తెల్లారేసరికి పక్క మంచం గోడకు జరిగింది. ఆయన ప్లేటు వేరు, బాత్‌రూంలో మగ్గు వేరు. ఆరుగురు పడుకునే రూములో ఎంత దూరం జరుగుతారు? ఆయన ఎవరినీ ఏమనలేదు. నన్ను మాత్రం అడిగిండు, "తమ్మీ, నిజంగనే నా నుంచి వాళ్లకు అంటుతదా?" అని.

నేను ఐటీఐ సివిల్ చదివినోణ్ని, డాక్టర్ని కాను. వెతికితే ఆ మెసేజ్‌కి మూలం దొరికింది. సగం దాకా నిజమే.

కొన్ని క్యాన్సర్లు వైరస్‌తో వస్తాయి, అందులో అనుమానం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ కారణమని చూపినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. హెపటైటిస్ బి కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. మరి ప్రోస్టేట్‌కు ఎందుకు కాకూడదు? అడగాల్సిన ప్రశ్నే. క్లీవ్‌ల్యాండ్‌లో రాబర్ట్ సిల్వర్‌మన్ అనే శాస్త్రవేత్త ఆర్ఎన్ఏస్-ఎల్ అనే జన్యువు మీద పని చేసేవాడు. వైరస్‌తో పోరాడే జన్యువు అది. అందులో లోపం ఉన్నవాళ్ల ప్రోస్టేట్‌లో ఏదైనా వైరస్ నక్కి ఉందేమోనని చూడాలనుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జో డెరిసి, డాన్ గానెమ్‌ల దగ్గర వైరస్‌లను పట్టే చిప్ ఉంది, 2003లో సార్స్‌ను గుర్తించడానికి వాడింది అదే. ఇద్దరూ ఆయనతో కలిశారు.

2006లో ఫలితం వచ్చింది. లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన 20 మందిలో 8 మందికి కొత్త వైరస్, మిగతా 66 మందిలో ఒక్కరికే. దానికే ఎక్స్ఎమ్ఆర్‌వీ అని పేరు పెట్టారు, ఎలుకల వైరస్‌కు దగ్గరి చుట్టం. 2009లో ఇంకో అమెరికా బృందం 233 కణితులు చూసి, 23 శాతంలో ఆ వైరస్ ప్రోటీన్ ఉందంది. అదే ఏడు జర్మనీలో 589 కణితులు వెతికితే ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

ఇక్కడ నాకు మా సైటు గుర్తొచ్చింది. కాంక్రీట్ పోసినప్పుడు క్యూబులు తీసి 28 రోజులకు పగలగొడతాం. రిపోర్టు మీద అనుమానం వస్తే క్యూబును నమ్మం, పిల్లర్‌కే కోర్ కొట్టి చూస్తాం. ఒకసారి రెండు పోతల క్యూబుల మీద నంబర్లు తారుమారై, బాగున్న స్లాబును పగలగొట్టించబోయారు. కోర్ కొట్టాకే బతికింది.

సిల్వర్‌మన్ వాళ్లూ చివరికి ఆ పనే చేశారు. అంతకంటే ముందు, 2011లో వినయ్ పాఠక్, జాన్ కాఫిన్ బృందాలు వైరస్ పుట్టుకే పట్టుకున్నాయి. 1990లలో క్లీవ్‌ల్యాండ్‌లోనే ఒక రోగి ప్రోస్టేట్ కణితి ముక్కను, రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో అతికించి పెంచారు. ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు మారుస్తూ పోయారు. ఎలుకల డీఎన్ఏలో పాత వైరస్ ముక్కలు ఉంటాయి. వాటిలో రెండు, 1993, 1996 మధ్య, కలిసిపోయి ఎక్స్ఎమ్ఆర్‌వీ అయింది. మొదటి ఎలుకల్లో పెరిగిన కణితిలో అది లేదు, తర్వాతి వాటిలో ఉంది. ఆ కణితి నుంచి తయారైన కణాలు 22ఆర్‌వీ1 పేరుతో ఎన్నో ల్యాబులకు చేరాయి.

2012లో అసలు బృందమే పాత పెట్టెలు తెరిచింది. 2006 నాటి ఆర్ఎన్ఏ ట్యూబుల్లో వైరస్ ఉంది. అదే రోగుల నుంచి తీసి దాచిన కండలో మాత్రం లేదు. ట్యూబులో మైటోకాండ్రియా డీఎన్ఏ చదివితే, ల్యాబులో పెంచే, వైరస్ సోకిన కణాలు కలిసినట్టు తేలింది. కొత్తగా 39 మంది రోగులను చూశారు, ఒక్కరికీ లేదు. అదే ఏడు 2006 వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. తమ పేరున్న కనుగోలును తామే పడగొట్టుకోవడం చిన్న పని కాదు, నాకైతే ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది.

హెచ్‌పీవీ, బీకే లాంటి వైరస్‌ల మీద వెతుకులాట ఇంకా సాగుతోంది. ఒకరికి దొరికింది ఇంకొకరికి దొరకడం లేదు. ఇప్పటివరకు ఏ వైరస్సూ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కారణమని రుజువు కాలేదు. గట్టిగా తెలిసినవి వయసు, కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఉండటం. పక్క మంచం మీద పడుకుంటే, ఒకే మగ్గు వాడితే అంటుకునే జబ్బు కాదు.

శుక్రవారం మెస్‌లో కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ముగ్గురు ఒప్పుకున్నారు, ఒకడు సగం. అన్న ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు, చికిత్స నడుస్తోంది. ఈ ఎపిసోడ్ ఆయనకు పంపితే రెండుసార్లు విన్నాడట. మంచం జరిపినోడు మాత్రం ఇంకా ఆయనకు ఫోన్ చేయలేదు.