దర్శనములు, యాత్రలు, పరీక్ష: మెజుగోరియే చరిత్ర మనకు నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

"అయ్యగారూ, మా పిల్లవానికి జ్వరము తగ్గితే గుణదల కొండకు వస్తానని మొక్కుకున్నాను. తగ్గింది. ఇప్పుడు వెళ్ళవచ్చునా?" కోస్తా జిల్లాలలో పరిచర్య చేసే ప్రొటెస్టెంటు కాపరులలో ఇటువంటి ప్రశ్న ఎదుర్కొననివారు అరుదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే గుణదల మాత ఉత్సవములకు కతోలికులే కాక మన సంఘస్థులును, హైందవులును వెళుతున్నారు. మనలో కొందరము "అది విగ్రహారాధన" అని ఒక్క మాటతో కొట్టివేస్తాము. మరికొందరము చూచీ చూడనట్లు ఊరకుంటాము. ఈ రెండింటిలో ఏ విధముగాను ఆ తల్లికి జవాబు దొరకదు.

గుణదల క్షేత్రము దర్శనమునుబట్టి పుట్టినది కాదు. 1924లో ఇటలీ దేశపు మిషనరీ ఫాదర్ ఆర్లాటి అక్కడ లూర్దుమాత స్వరూపమును ప్రతిష్ఠించారు. అయితే ఆ స్వరూపము వెనుక ఫ్రాన్సు దేశములోని లూర్దు దర్శనముల చరిత్ర ఉన్నది. కాబట్టి గుణదలను గూర్చి మాట్లాడేవాడు దర్శనములను గూర్చి కతోలిక సంఘము నిజముగా ఏమి బోధిస్తున్నదో ముందు తెలుసుకోవాలి. కతోలికులందరు దర్శనములన్నిటిని నమ్ముతారని మనలో చాలామంది తలుస్తారు. చరిత్ర అలా చెప్పడము లేదు. దీనికి ఉదాహరణగా, బిషప్పుల మధ్యనే అభిప్రాయభేదములు కలిగించిన మెజుగోరియే వృత్తాంతమును ఈ వ్యాసములో పరిశీలిస్తాము.

1. కతోలిక సంఘములో పరీక్షా నియమము

1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ తన చివరి సమావేశములో, బిషప్ పరిశీలించి ఆమోదించనిదే ఏ క్రొత్త అద్భుతమును అంగీకరింపరాదని నిర్ణయించింది. 18వ శతాబ్దములో ప్రోస్పెరో లాంబెర్తీని (తరువాత పోపు 14వ బెనెడిక్టు) మరొక సంగతిని స్పష్టము చేశారు. సంఘము ఆమోదించిన వ్యక్తిగత దర్శనములను సయితము సువార్త సత్యములను నమ్మినట్లు నమ్మవలసిన విధి ఎవరికిని లేదు. అపొస్తలులతో ముగిసిన ప్రత్యక్షత ఒకటి, ఆ తరువాతి వ్యక్తిగత దర్శనములు వేరొకటి. ఈ భేదమును కతోలిక సంఘము నేటికిని పాటిస్తున్నది.

లూర్దులో ఈ నియమము ఎలా పనిచేసిందో చూడవచ్చును. 1858 ఫిబ్రవరి 11 నుండి జూలై 16 వరకు 14 ఏండ్ల బెర్నదెత్ సుబీరూ అనే పేద బాలిక తనకు 18 పర్యాయములు దర్శనము కలిగినదని చెప్పింది. అక్కడి విచారణ గురువు పేరమాల్ మొదట నమ్మలేదు. ఆ దినములలోనే మరికొందరు తమకును దర్శనములు కలిగినవని చెప్పగా, వాటిని సంఘము అంగీకరించలేదు. బిషప్ లోరాన్స్ విచారణ సంఘమును నియమించి, 1862 జనవరి 18న మాత్రమే తన ఆమోదమును ప్రకటించారు. స్వస్థతలను పరిశీలించుటకు 1883లో అక్కడ వైద్య కార్యాలయము ఏర్పడింది. స్వస్థత పొందామని వేలకొలది మంది చెప్పినను, 2018 నాటికి సంఘము అద్భుతములుగా గుర్తించినవి 70 మాత్రమే.

2. మెజుగోరియే: దర్శనము, వివాదము

నాటి యుగోస్లావియాలో, నేటి బోస్నియా-హెర్జెగోవినాలో ఉన్న చిన్న గ్రామము మెజుగోరియే. 1981 జూన్ 24న అక్కడి పిల్లలు కొందరు కొండమీద కన్య మరియను చూచామని చెప్పారు. తరువాత దర్శకులుగా పేరు పొందినవారు ఆరుగురు. వారి వయస్సు 10 నుండి 16 ఏండ్ల లోపు. కమ్యూనిస్టు ప్రభుత్వము దీనిని రాజకీయ కుట్రగా భావించి, విచారణ గురువు యోజో జోవ్కోను ఆ ఆగస్టులోనే చెరసాలలో వేసింది.

ప్రభుత్వము ఒకవైపు ఉండగా, సంఘములోపలి కలహము మరొకవైపు ఉన్నది. తుర్కుల పాలనలో శతాబ్దముల తరబడి ఆ ప్రాంతపు కతోలికులను కాపాడినవారు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు. 1881లో రోము అక్కడ బిషప్పుల పాలనను తిరిగి స్థాపించిన తరువాత, విచారణలు ఎవరి చేతిలో ఉండాలన్న తగవు మొదలైంది. 1975లో రోము ఆజ్ఞ ఇచ్చినను అది తీరలేదు. మెజుగోరియే విచారణ ఫ్రాన్సిస్కనులది. మోస్తార్ బిషప్ పావావో జానిచ్ మొదట పిల్లలు అబద్ధమాడుట లేదని తలంచారు. అయితే తన క్రమశిక్షణ చర్యకు గురైన ఇద్దరు ఫ్రాన్సిస్కనుల పక్షమున మరియ మాట్లాడినదని దర్శకులు చెప్పిన తరువాత ఆయన దృఢమైన వ్యతిరేకి అయ్యారు. 1993లో ఆయన స్థానములోనికి వచ్చిన రత్కో పెరిచ్ కూడ అదే అభిప్రాయము నిలుపుకున్నారు.

ఇంతలో యాత్రికులు లక్షలుగా వచ్చారు. పాపసంకీర్తనము కొరకు గంటల తరబడి వరుసలలో నిలిచారు. మారుమనస్సు పొందినవారును, గురుత్వములో ప్రవేశించినవారును ఉన్నారు. "ఫలములు మంచివైతే చెట్టు చెడ్డది ఎట్లగును?" అని అనుకూలురు అడిగారు. "మంచి ఫలములు పాపసంకీర్తనమువలనను, ప్రార్థనవలనను కలిగినవి. అవి దర్శనమునకు సాక్ష్యము కావు" అన్నది వ్యతిరేకుల వాదము. వివాదమంతటికి కీలకము ఇదే.

3. రోము చెప్పిన జవాబు

1991 ఏప్రిల్ 10న యుగోస్లావియా బిషప్పులు జాదార్‌లో సమావేశమై, అప్పటి వరకు జరిగిన పరిశోధననుబట్టి ఇవి దైవికమైన దర్శనములని నిర్ధారింపలేమని ప్రకటించారు. "కాదు" అని వారు అనలేదు, "అవును" అనియు అనలేదు. 2010లో కార్డినల్ కమిల్లో రూయీని అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2014 వరకు విచారించింది. 2017 మేలో పోపు ఫ్రాన్సిస్ పత్రికలవారితో మాట్లాడుతూ, మొదటి దినముల దర్శనములను ఇంకను పరిశోధించాలనియు, ఆ తరువాత అనుదినము కలుగుచున్నవని చెప్పబడినవాటి విషయములో తనకు సందేహమున్నదనియు, యాత్రికుల జీవితములలోని మార్పు మాత్రము కాదనలేనిదనియు మూడు సంగతులను వేరుచేశారు. 2019 మేలో అధికారికముగా యాత్రలు నిర్వహించుటకు అనుమతి లభించింది. అయితే ఆ అనుమతిని దర్శనములకు ఆమోదముగా భావింపరాదని షరతు విధించారు.

2024 మే 17న వాటికను క్రొత్త నియమములను ప్రకటించింది. వాటి ప్రకారము ఇకమీదట సాధారణముగా ఏ దర్శనమును "ఇది దైవికము" అని ప్రకటింపరు. అభ్యంతరము లేదని చెప్పుట మొదలుకొని దైవికము కాదని ప్రకటించుట వరకు ఆరు విధములైన తీర్పులు మాత్రమే ఉంటాయి. ఆ సంవత్సరము సెప్టెంబరు 19న మెజుగోరియేకు వీటిలో మొదటిది లభించింది. యాత్రికుల భక్తికి అభ్యంతరము లేదు. కాని దర్శనములు నిజమని అది ప్రకటించలేదు. నమ్మవలెనని ఎవరినీ నిర్బంధించలేదు. కొన్ని సందేశములను జాగ్రత్తగా చదవాలని చెప్పింది. దర్శకులను కలుసుకొనుటకై యాత్ర చేయరాదని సలహా ఇచ్చింది. నలుబది మూడు సంవత్సరముల తరువాత రోము ఫలములను ఆమోదించింది, మూలమును గూర్చి తీర్పు చెప్పలేదు.

4. సంస్కర్తల దృష్టి

ఇటువంటి యాత్రలను గూర్చి సంస్కర్తలు 16వ శతాబ్దములోనే మాట్లాడారు. 1519లో జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ పట్టణస్థులు యూదులను వెళ్ళగొట్టి వారి సమాజమందిరమును పడగొట్టారు. ఆ పనిలో గాయపడిన ఒకడు మరియ సహాయముతో స్వస్థుడయ్యాడన్న వార్త వ్యాపించింది. ఆ స్థలములోనే గుడి కట్టగా యాత్రికులు వేలాదిగా పరుగెత్తుకొని వచ్చారు. 1520లో జర్మను ప్రభువులకు వ్రాసిన గ్రంథములో లూథర్ ఇటువంటి యాత్రాస్థలములను నేలమట్టము చేయాలన్నాడు. జనులు తమ స్వంత సంఘమును, భార్యాబిడ్డలను విడిచి తిరుగుతున్నారనియు, ఆదాయము కొరకే అధికారులు దీనిని సహిస్తున్నారనియు అతని ఆరోపణ. అయినను లూథర్ మరియను తృణీకరించలేదు. 1521లో ఆమె స్తుతిగీతముపై వ్యాఖ్యానము వ్రాసి, దీనులను లేవనెత్తే దేవుని కృపకు ఆమెను మాదిరిగా చూపాడు.

జనసమూహము సత్యమునకు ఋజువు కాదని రేగెన్స్‌బుర్గ్ మనకు నేర్పుతున్నది. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము ఇంకను లోతుకు పోతున్నది. సూచన నెరవేరినను, అది మనలను ఎవరి యొద్దకు నడిపిస్తున్నదో చూడాలి. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి (1 తిమోతి 2:5) అని నమ్మే మనము మరియ మధ్యవర్తిత్వము కోరే యాత్రను అంగీకరింపలేము. ఆ భేదమును దాచిపెట్టవలసిన పని లేదు.

5. మన యింటి సంగతి

అయితే ఇక్కడితో ఆగితే మనము న్యాయముగా మాట్లాడినవారము కాము. మన సంఘములలో దర్శనములు లేవా? పరలోకము చూచి వచ్చామనేవారు, తేదీలతో ప్రవచనములు చెప్పేవారు, ప్రార్థించిన నూనె సీసాలు పంచేవారు మన మధ్య లేరా? స్వస్థత కూటములో సాయంకాలము ప్రార్థన జరిగితే ఆ రాత్రే వేదికమీద సాక్ష్యము చెప్పిస్తాము. మందులు మానిన రోగి మరుసటి నెల ఎలా ఉన్నాడని ఎవరు విచారించారు? లూర్దులో వైద్యులు ఏండ్ల తరబడి పత్రములు పరిశీలిస్తారు. మెజుగోరియేలో సొంత బిషప్పే ప్రశ్నించాడు. మనలో ప్రశ్నించేవానికి "అవిశ్వాసి" అని పేరు పెడతాము. "జనము వస్తున్నారు, జీవితములు మారుతున్నవి" అన్న మెజుగోరియే వాదమునే మనమును మన కూటములకు వాడుకుంటున్నాము.

ప్రవచించుటను నిర్లక్ష్యము చేయవద్దని, సమస్తమును పరీక్షించుమని పౌలు ఒక్కచోటనే వ్రాశాడు (1 థెస్స. 5:20, 21). మొదటి దానిని మరచినవారు ఎండిపోతారు. రెండవ దానిని మరచినవారు మోసపోతారు. ప్రతి స్థానిక సంఘములో పెద్దలు స్వస్థత సాక్ష్యమును వేదికకు ఎక్కించే ముందు కొంతకాలము వేచి, వైద్యుని మాట కూడ విని, సొమ్ము ఎటు పోతున్నదో చూచే క్రమమును ఏర్పరచుకోవాలని మా మనవి.

ముగింపు

గుణదల మొక్కును గూర్చి అడిగిన తల్లిని మందలించి పంపితే ఆమె మనకు చెప్పకుండ వెళుతుంది. బిడ్డ జ్వరముతో ఉన్నప్పుడు ఆమె మన యొద్దకు రాక కొండవైపు ఎందుకు చూచిందో ముందు మనలను మనము ప్రశ్నించుకోవాలి. ఆమెతో కూర్చుండి, బిడ్డ కొరకు దేవునికి కృతజ్ఞత చెల్లించి, కానాలో మరియ పరిచారకులను ఎవరి మాట వినుమన్నదో (యోహాను 2:5) చదివి వినిపించుదము. ఆ తరువాత మన భేదమును సూటిగా చెప్పినను ఆమె వింటుంది. ఇతరుల దర్శనములకు పట్టిన కొలతనే మన దర్శనములకును పట్టినప్పుడు మాత్రమే మన మాటకు విలువ ఉంటుంది.