చక్రం తిప్పే చమురు

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ వీధుల్లో తెలుగు మాట వినిపిస్తుందంటే కారణం రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. ఆ వర్క్‌షాపులో బాగుచేసే ఏ రైలింజనుకూ స్టీరింగు ఉండదని ఎప్పుడైనా గమనించారా? పట్టాలే దాన్ని మలుపు తిప్పుతాయి. అదే ఖరగ్‌పూర్‌లో ఇప్పుడు టాటా హిటాచీ కర్మాగారం మట్టి తవ్వే యంత్రాలు తయారుచేస్తోంది. పట్టాలూ రోడ్డూ లేనిచోట, రాళ్ళలో బురదలో, బరువైన టైర్ల బండిని మలపడం మనిషి చేతులకు మించిన పని.

ఈ పనిని చమురుకు అప్పగించినవారిలో ముఖ్యుడు అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్. పియర్స్ యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఆయన, 1926లో తన పవర్ స్టీరింగును కారులో బిగించి చూపించాడు. జనరల్ మోటార్స్ ముందు ఆసక్తి చూపి, ఖర్చుకు జంకి 1934లో వదిలేసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాలకు అది అక్కరకొచ్చింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో మార్కెట్లోకి దిగింది. అయితే వీటిలో స్టీరింగుకూ టైర్లకూ మధ్య ఇనుప కడ్డీలు ఉండనే ఉన్నాయి. చమురు సాయం పట్టేది, అంతే.

ఆ కడ్డీలను తీసేసే దారి చూపినవాడు మినెసోటాకు చెందిన లిన్ చార్ల్‌సన్. ఆయన ఆర్బిట్‌రోల్‌లో ఏడు పళ్ళ వలయంలో ఆరు పళ్ళ నక్షత్రం తిరుగుతుంది. స్టీరింగు ఒక్క చుట్టు తిరిగితే వాటి మధ్య గదులు 42 సార్లు నిండి ఖాళీ అవుతాయి. అంటే అది చమురును కొలిచి పంపే గిద్ద లాంటిది. ఇంజను ఆగిపోతే అదే చేతిపంపు అవుతుంది! నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మరి మీరే ఒక బండికి భాగాలు ఎంచుకోవాలంటే? ముందు సిలిండరు. లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, కడ్డీ వ్యాసం 2.5 అనుకోండి. కడ్డీ ఒకవైపే ఉంటే చమురు ఒత్తే వైశాల్యం రెండువైపులా ఒకటి కాదు, ఎడమకు కుడికి చుట్లు తేడా వస్తాయి. అందుకే రెండువైపులా కడ్డీ ఉన్నది మేలు. దాని వైశాల్యం 14.7 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 100 కిలోల పీడనమిస్తే బలం 1,470 కిలోలు. పిస్టను 20 సెంటీమీటర్లు కదలాలంటే 294 ఘన సెంటీమీటర్ల చమురు కావాలి.

చుట్టుకు 100 ఘన సెంటీమీటర్లు పంపే యూనిట్ పెడితే సుమారు మూడు చుట్లు. 200ది పెడితే చుట్టున్నర చాలు. సుఖంగానే ఉంటుంది, ఇంజను నడిచినంతసేపు! వాలులో ఇంజను ఆగిందనుకోండి. 20 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న స్టీరింగును 20 కిలోల బలంతో లాగితే, ఘర్షణ వదిలేసి లెక్కిస్తే, మొదటిదానిలో 25 కిలోల పీడనం పుట్టి సిలిండరుకు 368 కిలోల బలం అందుతుంది. రెండోదానిలో 184 మాత్రమే. ఆ సగం బలంతో నిండు లోడు బండి మలుపు తిరుగుతుందా అన్నది కొనేముందే తేల్చుకోవాలి.

పంపు చివరి సంగతి. సెకనుకు ఒక చుట్టు తిప్పాలంటే 100 యూనిట్‌కు నిమిషానికి 6 లీటర్లు కావాలి, అదీ ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు.

ఇంత మంచిదైతే మన కార్లలో ఎందుకు పెట్టరు? గదుల సందుల్లోంచి చమురు కొద్దికొద్దిగా జారుతుంది. టైర్లు నేరుగా ఉన్నా స్టీరింగు పక్కకు తిరిగి ఉండవచ్చు. పొలంలో ట్రాక్టరుకు అది లెక్కలోకి రాదు. హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు మాత్రం, చమురు పోయినా టైర్లను పట్టుకుని ఉండే ఆ పాత ఇనుప కడ్డీయే కావాలి.