కడప రాయియు, న్యూట్రానుల లెక్కయు



1872వ సంవత్సరమున రెండు రచనలు వెలువడినవి. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగు దొర మన కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి వ్రాసిన గ్రంథము మొదటిది. ఆస్ట్రియా దేశపు పండితుడు లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ వాయువులలోని యణువుల సంచారమును గూర్చి ప్రకటించిన సమీకరణము రెండవది. ఒకరు చేసినపని రెండవవారికి తెలిసియుండునని తలపరాదు. అయినను నూఱేండ్లు దాటిన పిమ్మట ఆ రాయియు, ఈ సమీకరణమును ఒకచోట కలిసికొన్నవి. ఆ కథయే నేటి నా ప్రసంగ విషయము.

1932లో కేంబ్రిడ్జియందు జేమ్సు చాడ్విక్కు న్యూట్రానును కనుగొనెను. దీనికి విద్యుదావేశము లేదు. కావున పరమాణు గర్భమున నిరాటంకముగా ప్రవేశింపగలదు. చాడ్విక్కు తరువాత లివర్‌పూలు విశ్వవిద్యాలయమునకు పోయెను. మన గోదావరి సీమయందు జన్మించిన స్వామి జ్ఞానానంద అచ్చట పరిశోధన సల్పి, పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అణుభౌతిక శాస్త్రమునకు పునాది వేసెను. 1934లో రోమునగరమున ఫెర్మీ మైనము వంటి పదార్థముగుండ పోయి మందగించిన న్యూట్రానులు మఱింత చురుకుగా పనిచేయునని చూపెను. 1938 డిసెంబరులో హాను, స్ట్రాస్‌మన్ అను జర్మను రసాయనజ్ఞులు న్యూట్రాను తాకిన యురేనియము చీలుటను కనిపెట్టిరి. చీలినప్పుడెల్ల సగటున రెండు మూడు క్రొత్త న్యూట్రానులు పుట్టును. అవి మఱికొన్నిటిని చీల్చును. ఇదియే శృంఖలాచర్య.

ఇక లెక్క యెట్లు? ఇందులకు అభివాహము అను భావము ముఖ్యము. కర్నూలు–కడప కాలువలో నీరు ఒకే దిక్కునకు పాఱును; సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని కొలుతుము. న్యూట్రానులు అట్లు పాఱవు. అన్ని దిక్కులకును తిరుగాడును. మన మెట్టభూములలోని గొఱ్ఱెలమందను తలచుకొనుడు. ఎకరములో ఎన్ని గొఱ్ఱెలు కలవో, ఒక్కొక్కటి ఎంత వడిగా నడచుచున్నదో తెలిసినచో, అవన్నియు కలిసి ఒక సెకనులో నడచిన మొత్తము దూరము తెలియును. నడక హెచ్చినకొలది మేత హెచ్చును. ఒక ఘన సెంటిమీటరులోని న్యూట్రానుల సంఖ్యను వాని వేగముతో గుణించినచో వచ్చునదే అభివాహము. మందగించిన న్యూట్రాను సైతము సెకనుకు సుమారు 2,200 మీటర్లు పోవును.

మేత యెంత చిక్కునో తెలియవలెనన్న గడ్డి పరిమాణము కూడ తెలియవలెను. యురేనియము–235 పరమాణువు ఒక్కొక్కటి న్యూట్రానునకు ఎంత లక్ష్యముగా కనబడునో శాస్త్రజ్ఞులు కొలిచిరి. ఒక గ్రాములోని పరమాణువులన్నిటి లక్ష్యములను కలిపిన, మందన్యూట్రానులకు ఇంచుమించు ఒకటిన్నర చదరపు సెంటిమీటరగును. ఒక పరిశోధన రియాక్టరులో చదరపు సెంటిమీటరునకు సెకనుకు 10 లక్షల కోట్ల అభివాహ మున్నదనుకొందము. అప్పుడు ఆ గ్రాములో సెకనుకు 15 లక్షల కోట్ల చీలికలు జరుగును. ఒక వాటు శక్తికి సుమారు 3,100 కోట్ల చీలికలు కావలెను. భాగించిన, సుమారు 480 వాట్లు వచ్చును. ఇంతియే లెక్క, గుణకార భాగహారములే!

కష్టమంతయు అభివాహమును కనుగొనుటయందే యున్నది. అది రియాక్టరు మధ్య మిక్కిలిగాను, అంచులయందు స్వల్పముగాను ఉండును. అంచున నున్న న్యూట్రానులు బయటికి జాఱిపోవును గదా. ఫెర్మీ గ్రాఫైటు దిమ్మెల నడుమ ఇండియము రేకుల నుంచి, అవి పొందిన రేడియోధార్మికతను కొలిచి, అభివాహము ఏయే తావున ఎంతయో గ్రహించెను. ఆ కొలతల బలముననే 1942 డిసెంబరు 2వ తేదీన చికాగోలో మొదటి రియాక్టరును నడపెను. నాడు దాని శక్తి అర వాటు మాత్రమే! ఉజ్జాయింపు చాలనిచోట బోల్ట్జ్‌మన్ సమీకరణమే శరణ్యమయ్యెను. అణువులకై వ్రాసినది న్యూట్రానులకు చక్కగా నమరెను. అదియు కొఱుకుడు పడనిచోట, ఊలాం, వాన్ నాయ్‌మన్ అనువారు పాచికలు వేసినట్లు ఒక్కొక్క న్యూట్రాను గతిని గణకయంత్రముచే నిర్ణయించు పద్ధతిని కల్పించిరి.

మనదేశమున 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయుట మొదలిడెను.

ఇప్పుడు మన రాతికి వత్తము. పులివెందుల చెంత తుమ్మలపల్లెలో, వేంపల్లె పేరు పొందిన శిలాశ్రేణియందు యురేనియము కలదు. 2007లో గనికి శంకుస్థాపన జరిగెను. 2012లో కర్మాగారము పని కారంభించెను. ఈ రాయి సున్నపురాతి జాతిది. ఆమ్లము పోసిన ఆమ్లమునే మ్రింగివేయును. కావున పీడనమునకు లోబఱచి క్షారముతో కరగింతురు. ఖనిజములో యురేనియము ఆక్సైడు నూటికి 0.04 వంతు ప్రాంతము మాత్రమే. అనగా టన్ను రాతిలో ఆక్సైడు 400 గ్రాములు. అందు చీలుటకు తగిన 235 రకము రెండున్నర గ్రాములకు మించదు. మిగిలిన పిండియంతయు వ్యర్థముల చెఱువునకే చేరును.

ఇచ్చటనే నా మనవి. చుట్టుపట్ల గ్రామముల రైతులు తమ బావుల నీరు చెడినదనియు, తోటలు దెబ్బతిన్నవనియు మొఱపెట్టిరి. సంస్థవారు అది తమ పనివలన కాదనిరి. వానకు మొగముచాచి బ్రతుకు సీమలో బావి నీరనగా ప్రాణము. రియాక్టరు లోపల కంటికి కానరాని న్యూట్రానులను లెక్కించి, ఆ లెక్కను నమ్మి యంత్రమును నడపు విద్య మనకు కలదు. కొలిచి, వ్రాసి, ఎల్లరకు చూపిన లెక్కకే ఆ గౌరవము దక్కినది. బావినీటిలో యురేనియమును కొలుచుట అంతకంటె కష్టము కాదు. ఆ కొలత ఏ పక్షమునకును చెందనివారు చేయవలెను. ఫలితమును ఏటేట తెలుగున వ్రాసి గ్రామచావడి గోడపై అంటింపవలెను. రాతినిచ్చిన ఊరికి ఆ లెక్కను చెప్పుట న్యాయమని నా యభిప్రాయము.