ఒక ఫోను, ఒక పాస్టరు, పదిహేను నిమిషాలు



ఈ వారం తాగుడు గురించి రాస్తున్నాను. అది పాపమా కాదా అనే ప్రసంగం మీరు చాలాసార్లు విన్నారు, మళ్లీ వద్దు. మానాలనుకుని మానలేకపోతున్న మనిషి ఎవరి పక్కన కూర్చోవాలి? నేను చెప్పాలనుకున్నది అదే. దీనికి చరిత్రలో ఒక జవాబు ఉంది.

1935 మే నెల, అమెరికాలో ఏక్రన్ పట్టణం. బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద అక్కడికి వచ్చాడు. ఆ పని చెడిపోయింది. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే. శనివారం పూట హోటల్లో ఒంటరిగా తిరుగుతున్నాడు. ఒక పక్క బార్‌లోంచి నవ్వులు వినబడుతున్నాయి, ఇంకో పక్క టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చీల పట్టిక ఉన్నాయి. ఆ పట్టిక చూసి వాల్టర్ టంక్స్ అనే పాస్టరుకు ఫోను చేశాడు. తన కోసం ప్రార్థన చేయమని కాదు, తనలాగే తాగుడుతో బాధపడే ఇంకో మనిషిని చూపించమని అడిగాడు. టంక్స్ గారు కొన్ని పేర్లు ఇచ్చారు. ఆయన చేసింది అంతే.

ఆ పేర్ల వెంట వెళ్తే హెన్రియెట్టా సైబర్లింగ్ అనే విశ్వాసురాలు దొరికింది. మర్నాడు, మే 12న, ఆమె ఇంట్లో బిల్‌ను డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిపింది. బాబ్ సర్జన్. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చినవాడు రాత్రి పదకొండు దాటేదాకా లేవలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. బాబ్ అంతకు రెండేళ్లకు ముందు నుంచే ప్రార్థన కూడికలకు వెళ్తున్నాడు, వాక్యం చదువుతున్నాడు, తాగుతూనే ఉన్నాడు. మంచి మాటలు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. బిల్ మాత్రం బాబ్ గురించి మాట్లాడలేదు, తన గురించి చెప్పుకున్నాడు. ఆ తరువాత కూడా బాబ్ ఒకసారి జారిపడ్డాడు. ఆయన ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

ఆ వేసవిలో బాబ్ భార్య ఆన్ వారిద్దరికీ యాకోబు పత్రిక చదివి వినిపించేది. ఒకరి తప్పులు ఒకరితో ఒప్పుకోమని ఐదవ అధ్యాయం చెబుతుంది కదా. మన సంఘాల్లో ఒప్పుకోలు అంటే పాస్టరు ముందు, లేకపోతే మైకు ముందు. మానిన వారానికే మనిషిని సాక్ష్యానికి నిలబెడతాం. మళ్లీ తాగితే అతను మందిరం వైపే రాడు. ఎన్నో కుటుంబాలు ఇలాగే దూరమయ్యాయి.

మన తెలుగు నేల వేరే దారి పట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత పాఠాల్లో సీతమ్మ కథ విన్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మతో కలిసి సారా కొట్టు మూయించారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో మద్యం మళ్లీ తెరుచుకుంది. ఆ తల్లుల పోరాటం గొప్పది, ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ చట్టం కొట్టు మూస్తుంది, లోపలి దాహాన్ని కాదు. ఆ దాహం ఉన్నవాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చునే ఏఏ మీటింగులు 1957 నుంచే మన దేశంలో ఉన్నాయి. మన పల్లెలకు ఆ కబురు అందలేదు.

మీటింగులో ఫీజు లేదు, పేరులో మొదటి మాట చాలు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే వరుసలో కూర్చుంటారు. అక్కడ యేసు నామం చెప్పరు కదా అని కొందరు నన్ను అడుగుతారు. సూది వేయించుకునేటప్పుడు కాంపౌండరుకు బాప్తిస్మం అయిందా అని అడుగుతున్నామా?

మన శంషాబాద్ సంగతి. 2008లో విమానాశ్రయం వచ్చాక క్యాబులు, కార్గో, రాత్రి డ్యూటీలు పెరిగాయి. డ్యూటీ దిగి తెల్లవారుజామున ఇంటికొచ్చే మనిషికి ఆదివారం ఆరాధనే కష్టం, మీటింగు ఇంకా కష్టం. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మీటింగులు జరుగుతాయి. ఉందానగర్ నుంచి రైలుంది. బయలుదేరే ముందు ఫోను చేసి రోజు, టైము, తెలుగులో నడుస్తుందా, కొత్తవాళ్లు రావచ్చా అని అడగండి. ఫోనులో నడిచే మీటింగులు కూడా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14446కు చేయండి, అది ప్రభుత్వ ఉచిత నంబరు. భార్యలకు, పిల్లలకు వేరే సహవాసం ఉంది, అల్-అనాన్ అంటారు. భర్త రానన్నా భార్య వెళ్లవచ్చు.

ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగేవారిని ఉపవాస ప్రార్థన పేరుతో ఒక్కరోజులో మానిపించకండి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి కల్లు ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రి పాలయ్యారు. ముందు డాక్టరు, తరువాత మీటింగు. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

ఏఏలో ఇద్దరు ముగ్గురు కలిస్తే గ్రూపే. మన మందిరం పక్క గది మంగళవారం సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. బయటివారి చందాలు వారు తీసుకోరు, కనుక అద్దె ఇస్తామంటే ఎంతో కొంత తీసుకుందాం. తాళం సంఘపెద్ద దగ్గర ఉంది. ఎందుకని ఆయన అడగరు.